నాలుగో గాటు

మేము నలభై మందిమి. అందరి జేబుల్లోనూ ఒక మడత కత్తి ఉంటుంది. ఇలా చెబితే ఎవరికైనా పోలీసులకు ఫోను చేయాలనిపిస్తుందేమో గానీ, మాలో సగం మందికి కోడిని కోయాలన్నా చేతులు వణుకుతాయి. తమిళనాడులోని ధర్మపురి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం, తాతల నాటి కత్తుల మీద పిచ్చి ఉన్నవాళ్ళం, ఫోనులో ఒక గుంపు పెట్టుకున్నాం. రోజూ పొద్దున ఎవరి కత్తి ఫొటో వాళ్ళు పెట్టి, నిన్న అది ఏం కోసిందో ఒక్క వాక్యం రాయాలి. అబద్ధం రాయకూడదు, అదే మా నియమం. "జామకాయ ఒకటి, ఎరువు మూట దారం" అని రాస్తాడొకాయన. "పెన్సిళ్ళు పదకొండు" అని ఒక బడిపంతులు. "ఏమీ కోయలేదు, జేబులోనే ఉంది" అని రాసేవాళ్ళే ఎక్కువ. వాళ్ళకూ మెచ్చుకోళ్ళు వస్తాయి.

రాసేదంతా తమిళంలోనే. మాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు, తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు తక్కువ. మా ఇంట్లో నాకొక్కడికే వచ్చు. అదీ పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నదే.

నెలకొక ఆదివారం పొద్దున బస్టాండు వెనక టీ కొట్టు దగ్గర కలుస్తాం. బల్ల మీద తువ్వాలు పరిచి ఎవరి కత్తి వాళ్ళు దాని మీద పెడతాం. చూడాలనుకున్నవాడు అక్కడి నుంచి తీసుకోవాలి, చూశాక మళ్ళీ అక్కడే పెట్టాలి. చేతి నుంచి చేతికి కత్తి ఇవ్వడం మాలో లేదు. ఇస్తే ఇద్దరి మధ్యా ఉన్నది తెగిపోతుందంటారు. కొత్తగా చేరిన ఒక బ్యాంకు ఉద్యోగి మొదటి రోజే తన కత్తిని నా ముందుకు చాచాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. పాపం, ఆయన ముఖం చిన్నబోయింది. "బల్ల మీద పెట్టండి సార్, ఆయన మీతో కలిసి ఉండాలనే చేయి చాచలేదు" అని టీ కొట్టాయన సర్దిచెప్పాల్సి వచ్చింది.

నా కత్తి మా తాతది. తాతకు ఆయన నాయన ఇచ్చింది. మడిస్తే అరచేతిలో దాగిపోతుంది. పిడి చింతచేవ. మామిడి అంట్లు కట్టాలన్నా, టమాటా చెట్లకు కట్టిన పురి కోయాలన్నా, వక్క చెక్కలు చేయాలన్నా అదే. నాయన పోయాక అన్నకు రావలసింది. అన్న ఉద్యోగస్థుడు, ప్యాంటు జేబు చిరుగుతుందని వద్దన్నాడు. అలా నాకు వచ్చింది.

మామూలు రోజుల్లో అది పనికత్తి. పెండ్లి వచ్చిందంటే దాని హోదానే మారిపోతుంది. నలుగు పెట్టినప్పటి నుంచి తాళి కట్టేదాకా పెండ్లికొడుకు చేతిలో కత్తి ఉండాలి, కత్తి మొనకు నిమ్మకాయ ఉండాలి. ఈ పద్ధతి చాలా ఇండ్లల్లో ఉన్నదే. మా ఇంట్లో ఇంకొకటి ఉంది. పెండ్లి అయ్యాక పెండ్లికొడుకు ఆ కత్తి పిడి మీద ఒక గాటు పెడతాడు. ఆ గాటు ఇంటికి వచ్చిన కోడలిది. తర్వాత ఎవరి పెండ్లి జరిగినా, నలుగునాడు కొత్త పెండ్లికొడుకు కత్తి పట్టేముందు ఆ ఇంటి కోడండ్లను వరసగా "ఉండావా?" అని అడుగుతాడు. ఎవరి గాటు మీద వాళ్ళు బొటనవేలు పెట్టి "ఉండాను" అనాలి. చనిపోయినవాళ్ళ గాటు వచ్చినప్పుడు అందరూ కలిసి "ఉండాది" అంటారు.

మొత్తం ఆరు గాట్లు. ముత్తాతది, తాతది, నాయనది, చిన్నాయనది, అన్నది, నాది. మా ఇంట్లో రాయడం రానివాళ్ళంతా కలిసి రాసుకున్న ఒకే ఒక్క రాత అది.

అందులో నాలుగోది మా చిన్నమ్మ గాటు. చిన్నాయన లారీ నడిపేవాడు. యాభై ఏండ్ల కిందట ఒక మధ్యాహ్నం తొప్పూరు కనుమ అవతలి నుంచి ఆమెను లారీలో కూర్చోబెట్టుకుని వచ్చి ఇంటి ముందు దింపాడు. గుడిలో పెండ్లయిందన్నాడు. ఫొటో లేదు, పత్రిక లేదు, చూసిన మనిషి లేడు. "లారీ దిగినామె" అని ఊరు ఆమెకు పేరు పెట్టింది. కొన్ని నెలలకు కత్తి మీద ఆమె గాటు పడింది. తాతే చిన్నాయనను పిలిచి పెట్టించాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. తాతంటే ఊరికి భయం. దాంతో ఊరి నోరు మూతపడింది.

చిన్నమ్మకు పిల్లలు లేరు. చిన్నాయన పోయి పదేండ్లయింది. మొగుడు పోయినామెను శుభకార్యంలో ముందుకు పిలవని పాడు అలవాటు మా ఇండ్లల్లో ఇంకా చావలేదు. కత్తి దగ్గర మాత్రం ఆ పట్టింపు లేదు. పెండ్లి మొత్తంలో ఇప్పుడు చిన్నమ్మ నలుగురి ముందూ నిలబడగలిగే చోటు అదొక్కటే. వేలు పెట్టి, "ఉండాను" అని, ఆ తర్వాత వెనక్కి వెళ్ళిపోవాలి.

ఈ ఏడు మా అన్న కొడుక్కి పెండ్లి కుదిరింది. మహేంద్రమంగళంలో మా ఇంటి ముందే పందిరి వేయాలనుకున్నాం. సరిగ్గా అప్పుడే కత్తి మడత దగ్గర ఆడడం మొదలుపెట్టింది. రేకును పిడికి బిగించే మేకు, ఆణి అరిగిపోయింది. పెండ్లికొడుకు చేతిలో ఉండగా మూసుకుపోయి వాడి వేలు తెగితే? నాకు ఆ భయం పట్టుకుంది.

మా గుంపులో మొరప్పూరు నుంచి వచ్చే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయనదీ ఇంట్లో తెలుగే. జీవితమంతా లేతు షెడ్డులో పనిచేసి, ఇప్పుడు పాత కత్తులు బాగుచేస్తూ కాలం గడుపుతున్నాడు. తుప్పు పట్టిన ముక్కను ఇచ్చినా అద్దంలా చేసి తెస్తాడు. ఆ ఆదివారం కత్తిని తువ్వాలు మీద పెట్టి ఆయనకు చెప్పాను.

"అన్నా, ఆణి వదులైపోయింది. మా అన్న కొడుకు పెండ్లికి కావల్ల. కొంచెం చూడండి."

"పెండ్లికా? అట్లయితే దీన్నే పెండ్లికొడుకు మాదిరి చేసిస్తా పో తమ్మీ" అన్నాడు.

నేను నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. పిడి జోలికి పోవద్దని ఒక్క మాట చెప్పలేదు. గాట్ల సంగతి చెప్పాలని తోచనే లేదు. మాకు తెలిసింది లోకానికంతా తెలుసనుకోవడం మా వంశానికి ఉన్న జబ్బు.

మళ్ళీ కలిసిన ఆదివారానికి పెండ్లి ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. పెద్దాయన తెల్లగుడ్డలో చుట్టిన కత్తిని తువ్వాలు మీద పెట్టి, గుడ్డ తానే విప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి "అబ్బా" అన్నారు. పిడి నేరేడుపండులా నిగనిగలాడుతోంది. తీసుకుని తెరిచాను. టక్కుమని గట్టిగా నిలబడింది. మూసి, అలవాటుగా బొటనవేలు పిడి మీదికి పోనిచ్చాను. వేలు ఈ కొస నుంచి ఆ కొసకు జారిపోయింది. తిప్పి చూశాను. మళ్ళీ తిప్పాను. ఒక్క గాటు లేదు.

కళ్ళు చూస్తున్నాయి, బుద్ధి ఒప్పుకోవడం లేదు. ఇది నా కత్తి కాదు, ఎవరిదో తెచ్చాడు అని ఒక క్షణం గట్టిగా నమ్మాను. కానీ మొన దగ్గర తాత కాలంలో పడిన చిన్న సొట్ట అలాగే ఉంది. నాదే.

"ఎట్లుంది తమ్మీ?" అని అడిగాడు పెద్దాయన.

"బాగుంది" అన్నాను.

అందరూ ఫొటోలు తీశారు. బాగుచేయకముందు ఇలా, చేశాక ఇలా అని రెండు ఫొటోలు పక్కపక్కన గుంపులో పెట్టారు. వరసగా బొటనవేళ్ళ బొమ్మలు వచ్చి పడ్డాయి. నేను పెద్దాయనను మెల్లగా పక్కకు తీసుకెళ్ళాను.

"అన్నా, పిడి మీద గాట్లుండె కదా."

"ఉండె ఉండె. ఎలుక కొరికినట్టుంది. అవి పొయ్యేదాకా గీకేదానికి మూడు దినాలు పట్టె" అన్నాడు ఎంతో సంతోషంగా.

అవి ఏమిటో, నాలుగోది మా చిన్నమ్మకు ఏమిటో చెప్పాను. ఆయన టీ కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు. తలమీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అప్పా, ఎంత పని చేస్తిని! నేనే వస్తా తమ్మీ. ఆ యమ్మ కాళ్ళ మీద పడతా."

వద్దన్నాను. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. మూడు రోజులు కూర్చుని ప్రేమగా గీకిన మనిషిని ఏమనగలను? నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చి నా భార్యకు చూపించాను. వేలితో తడిమింది. "నాది గూడా పోయిందా?" అంది. తర్వాత నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"నాది పోతే పోనీ. మన పెండ్లికి ఫొటోలుండాయి, వీడియో ఉండాది. చిన్నమ్మకు ఏముండాది? ఇప్పుడే పోయి చెప్పు."

పోయాను. చిన్నమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పొరలు కమ్మిన కళ్ళు, వేళ్ళతోనే చూసుకుంటూ తీస్తోంది. నేను నోరు తెరిచేలోపే తనే అడిగింది.

"నా పట్టుచీర ఇస్త్రీకి ఇస్తావా రా? నలుగునాడు కట్టల్ల గదా. నా వంతుకు అదొక్కటే గదా ఉండేది."

"ఇస్తా చిన్నమ్మా" అన్నాను. చీర తీసుకుని వచ్చేశాను. చెప్పలేదు. ఇంత పిరికివాణ్ణని నాకే తెలియదు. జేబులో కత్తి పెట్టుకుని తిరగడం కాదు మగతనం అని ఆరోజు బాగా తెలిసొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఎవరూ లేని సమయంలో మోటారు షెడ్డుకు వెళ్ళాను. ఫోనులో పాత ఫొటో ఉంది. వేళ్ళతో సాగదీసి, పెద్దది చేసి, ఎదురుగా పెట్టుకున్నాను. షెడ్డులో పడి ఉన్న ఇంకో కత్తితో ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టాను. దొంగసంతకం చేసేవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో తెలుసుకున్నాను. ముత్తాత గాటు వెడల్పు. తాతది సూటి. నాయనది పక్కకు వంగింది. అన్నది పైపైన గీసినట్టు ఉంది, ఆ రోజు మంటపం ఖాళీ చేయాలని తొందర. నాది చివర్లో జారింది, పక్కన నా భార్య నవ్వింది కాబట్టి.

నాలుగోది చూసి ఆగిపోయాను. ఇన్నేండ్లు ఆ కత్తి నా జేబులో ఉంది, దాన్ని నేను సరిగా చూడనే లేదు. అది గాటు కాదు, గీత. ఒకదాని మీద ఒకటి రెండు సన్నని గీతలు. లారీ స్టీరింగు తిప్పిన చేయి ఇంత బెదురుగా ఎందుకు గీసిందో అర్థం కాలేదు. ఉన్నది ఉన్నట్టు పెట్టాలని కత్తి ఆనించాను. మళ్ళీ అనిపించింది, ఇంత సన్నగా పెడితే ఈ వయసులో చిన్నమ్మ వేలికి ఏం తగులుతుంది? తగలకపోతే అందరి ముందూ వెతుక్కుంటుంది కదా? ఒకే కోతలో లోతుగా దింపాను. తర్వాత ఆముదంలో మసి కలిపి ఆరింటికీ రుద్దాను.

మా గుంపు నియమం ప్రకారం, నిన్న కత్తి ఏం కోసిందో మర్నాడు రాయాలి. ఫొటోలో కొత్త గాట్లు కనబడతాయని నేను ఏమీ పెట్టలేదు. ఒంట్లో బాగా లేదా అని పెద్దాయన ఫోను చేశాడు. ఎత్తలేదు.

నలుగునాడు పొద్దున పందిరి కింద పెద్ద చాప పరిచారు. పసుపు గిన్నె పక్కన తమలపాకు మీద కత్తి పెట్టారు. మా అన్న కొడుకు వేరే ఊళ్ళో చదివినవాడు, తెలుగు సగం తమిళం సగం మాట్లాడతాడు. వాడు కూడా ఆ ఒక్క మాట నేర్చుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఉండావా?"

"ఉండాది" అన్నారు అందరూ. ముత్తవ్వకు, అవ్వకు, మా అమ్మకు మూడుసార్లు. తర్వాత చిన్నమ్మ వంతు. ఇస్త్రీ చీర కరకరలాడుతుంటే మెల్లగా వచ్చి వంగింది. బొటనవేలు మొదటి గాటు మీద, రెండో దాని మీద, మూడో దాని మీద పోనిచ్చి, నాలుగో దాని మీద ఆపింది.

"ఉండావా?" అన్నాడు మావాడు.

చిన్నమ్మ వేలు తీయలేదు. గోరుతో ఆ లోతును ఒకసారి గీకింది. తల ఎత్తి, ఎవరి కోసమో వెతికినట్టు చుట్టూ చూసి, ఆ మసక కళ్ళతోనే నన్ను పట్టుకుంది. పందిట్లో అందరూ ఆమెనే చూస్తున్నారు. ఇదుగో, ఇప్పుడే "ఇది నాది కాదు" అంటుంది, అందరి ముందూ నా బండారం బయటపడుతుంది అనుకున్నాను. నా బండారం సరే, ఆమె గతేమిటి?

"ఉండాను" అంది చిన్నమ్మ. ఎప్పుడూ లోపల్లోపల అనే మనిషి ఈసారి పందిరి చివరి దాకా వినబడేలా అంది.

మా వదిన, నా భార్య కూడా వేళ్ళు పెట్టారు. నలుగు అయింది. పసుపు నీళ్ళతో పెండ్లికొడుక్కి స్నానం చేయించేటప్పుడు కత్తి కాసేపు నా దగ్గరికి వచ్చింది. అప్పుడు చిన్నమ్మ నన్ను ఇంటి వెనక్కి రమ్మని పిలిచింది. అరటాకుల కట్ట పక్కన కూర్చుంది. కత్తి అక్కడ పెట్టమంది. నేల మీద పెట్టాను. తీసుకుంది.

"చిన్నమ్మా, తప్పయిపోయింది. ఆణి బాగుచేయమని ఇస్తే..."

"ఉండు. నన్ను చెప్పనీ" అంది. "నా గాటు మీ చిన్నాయన పెట్టింది గాదురా. నేను పెట్టుకొన్నా."

నాకు వినబడింది. అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నట్టు చూశాను.

"గుళ్ళో పసుపుకొమ్ము కట్టినాడు, అది నిజమే. చేతిలో కత్తి లేదు. కత్తి లేని పెండ్లి పెండ్లేనా అనె మీ అవ్వ. ఏడు నెల్లు నన్ను వంటింటి గడప తొక్కనియ్యలేదు. వసారాలో తిన్నా, వసారాలో పడుకొన్నా. ఒకనాడు మీ తాత నీళ్ళు పోసుకొనేదానికి పోయినాడు. కత్తి గూట్లో ఉండె. ఇంట్లో ఎవురూ లేరు. కొడవలి మొనతో రెండుతూర్లు గీసినా. మూడోతూరి చెయ్యి వణికె, పెట్టేసి వచ్చేస్తి."

"చిన్నాయనకు తెల్సా?"

"వాళ్ళ నాయన పెట్టినాడు అనుకొనె. అడిగే ధైర్యం యాడుండాది? సచ్చేదాకా అట్లే అనుకొనె."

"తాతకు?"

చిన్నమ్మ కత్తి పిడిని అరచేతిలో అటూ ఇటూ తిప్పింది.

"మీ తాతకు ఆ పొద్దే తెల్సె. వక్క కోసేదానికని తీసినాడు. వేలు పెట్టి తడివి చూసె. నా దిక్కు చూసె. నా పానం పోయె. అన్ని దినాల్లో ఒక్కనాడన్నా నన్ను పిలిచినోడు గాదు. ఆ పొద్దు 'కోడలా, అన్నం పెట్టుమ్మా' అనె. అంతే. వంటింట్లోకి పోయి తెచ్చి పెడితి. మీ అవ్వ చూస్తా నిలబడె."

నేను నేల మీద కూర్చుండిపోయాను. మా తాత కళ్ళంలో ఒక గింజ తక్కువైనా ఊరంతా వినబడేలా అరిచే మనిషి. చచ్చిపోయేదాకా ఆ కత్తి ఆయన చేతిలోనే ఉంది. రోజుకు పదిసార్లు ఆయన వేలు ఆ గీత మీదుగానే పోయి ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. తానే పెట్టించానని అందరూ అనుకుంటుంటే కాదని అనలేదు. నేను ఆయన ఒళ్ళో పెరిగాను, ఆయన గురించి నాకు ఏమీ తెలియదు.

"మీ అన్న పెండ్లిలో, నీ పెండ్లిలో 'ఉండాను' అన్నా. అన్నప్పుడంతా ఎవరో ఒకరు లేచి 'నువ్వు లేవు' అంటారని గుండె కొట్టుకొనేది" అంది చిన్నమ్మ. "ఈ పొద్దు వేలు పెడితే నా గీత లేదు. ఇంతలోతు గాటు ఉండాది. నీ మొగం చూస్తి. ఎవరు పెట్టిందో తెలిసిపోయె."

నేను తల దించుకున్నాను.

"ఇంతలోతుగా ఏంటికి పెట్టినావు రా?"

"నీ వేలికి తగలాలని" అన్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

పందిట్లో పెండ్లికొడుకును పిలుస్తున్నారు, కత్తి ఏదని ఎవరో అరుస్తున్నారు. ఆమె కత్తిని కొంగుతో తుడిచి మడిచింది. నేల మీద పెడుతుందని నేను అలవాటుగా కిందికి చూశాను. పెట్టలేదు. నా చేయి పట్టుకుని లాగి, అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసింది.

"చిన్నమ్మా, చేతికిస్తావేంటికి?" అన్నాను భయపడి.

"ఇంగ తెగదులేరా" అంది.